ఎండగడితే వేరు లోతుకు దిగుతుందా?

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. పైన మూడెకరాల నల్లరేగడిలో వర్షాధారంగా రబీ జొన్న వేశారు. కింద బోరున్న రెండెకరాల ఎర్ర చెలకలో మొక్కజొన్న వేయబోతున్నారు. విత్తాక నెల రోజులు నీళ్లివ్వకుండా ఎండగడితే వేరు నీటిని వెతుక్కుంటూ లోతుకు పోతుందనీ, ఆ తర్వాత పైరు ఎంత బెట్టనైనా తట్టుకుంటుందనీ మీ నాన్నగారంటున్నారు. మందుల దుకాణాయన మాత్రం వేర్లు పెరిగే మందు కొట్టమంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, ఎండగడితే ఎన్నాళ్లు అన్నది మీ ప్రశ్న.

మీ నాన్నగారి మాటలో సగం నిజముంది. కింద తడి ఉండి, పైపొర మాత్రమే ఆరితే ఆయన చెప్పినట్టే జరుగుతుంది. పైనా కిందా పొడిగా ఉంటే వేరు ఎటూ పోదు, ఉన్నచోటే మొండికేస్తుంది. పైగా జొన్న, సజ్జ, మొక్కజొన్న, గోధుమ పైర్లకు మొదటి నెలలో పైపొర ఆరకూడని రోజులు కొన్ని ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎండగడితే ఆ నష్టం తర్వాత ఎన్ని తడులిచ్చినా పూర్తిగా పూడదు.

వేరు నీటిని వెతుక్కుంటూ పోతుందన్న మాట దగ్గర మొదలుపెడదాం. వేరు కొనకు తడి వైపు వంగే గుణం ఉన్న మాట నిజమే. కానీ ఆ గుణం పనిచేసేది కొన ఆనుకున్న మట్టిలో, మిల్లీమీటర్ల లెక్కలో తడిలో తేడా ఉన్నప్పుడు. అడుగు కింద ఉన్న నీటిని పసిగట్టి, మధ్యలో ఉన్న పొడి పొరను చీల్చుకుంటూ పోయే శక్తి ఏ పైరు వేరుకూ లేదు. పైరు వేర్లు ఎంత వాలుగా, ఎంత నిటారుగా దిగాలన్నది చాలావరకు జాతి లక్షణం, భూమ్యాకర్షణ కలిసి తేలుస్తాయి. వేరు తన దారిన తాను దిగుతుంటుంది. దారిలో తడి తగిలితే సాగుతుంది, పొడి తగిలితే ఆగుతుంది.

ఆగడం ఎందుకంటే, వేరు పొడవు పెరిగేది కొన దగ్గర ఒక సెంటీమీటరు మేరలోనే. అక్కడి కణాలు నీరు తాగి ఉబ్బి సాగుతాయి. ఉబ్బడానికి మట్టిలోంచి నీరు రావాలి. మట్టి ఆరేకొద్దీ మిగిలిన నీటిని మట్టి రేణువులు గట్టిగా పట్టుకుంటాయి. ఆ పట్టు, ఒత్తిడి కొలత లెక్కలో, సుమారు 1.5 మెగాపాస్కల్‌కు చేరితే చాలా పైర్లు వాడి మళ్లీ తేరుకోలేవు. నేలశాస్త్రంలో శాశ్వత వాడు స్థాయి అని లెక్కగట్టేది దీన్నే.

అయితే ఇక్కడ ఒక విశేషముంది. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ షార్ప్, ఆయన సహచరులు 1988లో మొక్కజొన్న మొలకల మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరికీ తెలుసు. పట్టు 1.6 మెగాపాస్కల్ ఉన్నంత పొడి మాధ్యమంలో పైన మొలక ఎదుగుదల పూర్తిగా ఆగిపోయింది. మొదటి వేరు మాత్రం, తడిలో పెరిగే వేగంలో మూడో వంతుతో సాగుతూనే ఉంది. కొనకు దగ్గరగా ఉన్న రెండు మూడు మిల్లీమీటర్ల మేర అయితే వేగం తగ్గనే లేదు, దాని వెనక భాగమే కుంచించుకుపోయింది. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను అక్కడ పోగై, ఎదుగుదలను అడ్డుకునే ఇథిలీన్‌ను అదుపులో పెట్టడం ఇందుకు ఒక కారణమని ఆ తర్వాత తేలింది. అంటే నీరు తగ్గితే మొక్క ముందు ఆకును ఆపుతుంది, వేరును చివరిదాకా నడిపిస్తుంది.

బెట్టలో వేర్లు పెరుగుతాయి అనే మాట ఇక్కడి నుంచే పుడుతుంది. బెట్ట తగిలిన మొక్కను పీకి చూస్తే పైన బక్కగా, కింద వేర్లు గుబురుగా కనిపిస్తాయి. కంటికి కనిపించేది పోలిక మాత్రమే. పైభాగం బాగా తగ్గింది కాబట్టి వేర్లు ఎక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. పక్కనే మంచి తడిలో పెరిగిన మొక్క వేర్లను కడిగి, ఆరబెట్టి తూకం వేస్తే చాలాసార్లు అవే ఎక్కువ తూగుతాయి. నిష్పత్తి పెరగడం ఒకటి, వేరు పెరగడం మరొకటి. కరపత్రాల్లోనూ ఈ రెండింటినీ కలిపేస్తుంటారు, దాన్ని చూస్తే నాకు చిరాకు.

ఇక గట్టిదనం సంగతి. పొడి నేలలో నీరు లేకపోవడం ఎంత ఇబ్బందో, మట్టి బిగుసుకుపోవడం కూడా అంతే ఇబ్బంది. కొన్ని నేలల్లో ఇదే మొదట దెబ్బ కొడుతుంది. వేరు కొన ముందుకు తోయగల ఒత్తిడి ఏ పైరుకైనా సుమారు 1 మెగాపాస్కల్ లోపే. నేల గట్టిదనం కొలిచే పెనెట్రోమీటర్‌లో 2 మెగాపాస్కల్ దాటిందంటే వేరు వేగం బాగా పడిపోతుంది. (వేరు కొన జిగురు వదులుతూ, మట్టి రేణువులను పక్కకు జరుపుకుంటూ పోతుంది, ఇనుప చువ్వకు ఆ వెసులుబాటు లేదు. అందుకే రెండు అంకెల మధ్య ఆ తేడా.) మీ ఎర్ర చెలకనే తీసుకోండి. వాన పడిన మర్నాడు గునపం మెత్తగా దిగుతుంది. పది రోజులు ఎండితే అదే గునపం ఠంగుమంటుంది. మొక్కకు అందే నీరు ఆ మట్టిలో ఇంకా కొంత ఉండగానే, గట్టిదనం వేరును ఆపేస్తుంది. అలా ఆగిన వేరు కొన లావెక్కుతుంది, పక్కకు తిరుగుతుంది, గట్టి పొర మీదే చాపలా పరుచుకుంటుంది.

చెలకల్లో ఈ గట్టి పొరను ఇటీవల మనమే తయారు చేసుకుంటున్నాం. ఏటా రోటవేటర్ ఒకే లోతున తిప్పితే, దాని కత్తులు ఆడే చోటికి సరిగ్గా కింద నేల పలకలా బిగుస్తుంది. పైన నాలుగైదు అంగుళాలు పిండిలా ఉంటుంది కాబట్టి దుక్కి బ్రహ్మాండంగా ఉందనుకుంటాం. తడి ఉన్నన్నాళ్లూ పైరు పచ్చగానే ఉంటుంది. ఎండిందంటే ఆ నాలుగైదు అంగుళాలు వారంలో ఆరిపోతాయి, కింద ఉన్న తడికి వేరు చేరి ఉండదు. అలాంటి చేలో ఎండగట్టి వేరును దించుదామంటే ఫలితం ఉండదు.

నల్లరేగడి కథ వేరు. అది ఆరితే నెర్రెలిస్తుంది. నెర్రెల గుండా కొన్ని వేర్లు సులువుగా కిందికి జారుతాయి. కానీ నెర్రె విచ్చుకునేటప్పుడు అడ్డంగా ఉన్న వేర్లు తెగుతాయి, లోతున ఉన్న తడి కూడా ఆ సందుల్లోంచి ఆవిరై పోతుంది. వేరు ఆరినప్పుడు తనూ కాస్త సన్నబడుతుంది. మట్టికీ వేరుకూ మధ్య వెంట్రుకంత ఖాళీ ఏర్పడితే చాలు, నీరు అందడం తగ్గిపోతుంది. ఆ ఖాళీని దాటించేవి మూలకేశాలు (వేరు మీది సన్నటి నూగు), వేరు చుట్టూ జిగురుతో అంటుకున్న మట్టి తొడుగు. సజ్జ మొక్కను జాగ్రత్తగా పీకి దులిపినా వేర్లకు మట్టి తొడుగులా అంటుకునే ఉంటుంది, చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ప్రశ్నకు జవాబు ఎక్కువగా ఇందులోనే ఉంది.

ధాన్యపు పైర్లకు వేర్లు రెండు విడతలుగా వస్తాయి. మొదటి విడత గింజలోంచి వచ్చే బీజ వేర్లు. గోధుమకు ఇవి మూడు నుంచి ఆరు దాకా ఉంటాయి. మొక్కజొన్నకు మొదటి వేరుతో పాటు మరికొన్ని వస్తాయి. జొన్నకు, సజ్జకు ఉండేది ఒక్కటే. రెండో విడత కణుపు వేర్లు. ఇవి కాండం మొదట్లో, నేలలోపల దగ్గరదగ్గరగా ఉండే కణుపుల నుంచి వలయాలు వలయాలుగా పుడతాయి. పైరు పెద్దదయ్యాక నీరు, పోషకాలు ఎక్కువగా అందించేవీ, గాలికి పడిపోకుండా నిలబెట్టేవీ ఇవే. మొక్కజొన్నకు తర్వాత నేల పైనుంచి దిగే ఊడ వేర్లు కూడా ఈ కోవలోవే.

మొక్కజొన్న గింజను రెండంగుళాల లోతున వేసినా, మూడంగుళాల లోతున వేసినా ఈ కణుపులు ఏర్పడే చోటు మాత్రం నేలమట్టానికి అంగుళం లోపే ఉంటుంది. గింజకూ కణుపుకూ మధ్య ఉండే సన్నటి కాడ సాగి కణుపును ఆ ఎత్తుకు చేరుస్తుంది. జొన్నలోనూ ఇంతే. గింజ ఎంత పదునులో పడినా, కణుపు వేరు పుట్టేది అన్నిటికంటే ముందు ఆరిపోయే పైపొరలో. అప్పుడే పుట్టిన కణుపు వేరు కొన పొడి, వేడి మట్టిని తాకితే ఒకటి రెండు సెంటీమీటర్లు కూడా సాగకుండా మాడిపోతుంది. తర్వాతి వలయం ఇంకా కొంచెం పైన పుడుతుంది, అంటే ఇంకా పొడి మట్టిలో.

దీన్ని అమెరికా మొక్కజొన్న రైతులు రూట్‌లెస్ కార్న్ అంటారు. మొక్క పచ్చగా, బలంగానే ఉంటుంది, కింద బీజ వేర్ల మీద బతుకుతుంటుంది. ఒకరోజు గాలి వీస్తే నేలకు వాలిపోతుంది. మన రబీ జొన్నలో ఇదే సమస్య ఇంకా నెమ్మదిగా, ఇంకా మొండిగా నడుస్తుంది. కింద రేగడిలో తడి పుష్కలం. పైన నాలుగంగుళాలు సెప్టెంబరు, అక్టోబరు ఎండకు ఆరి ఉంటాయి. ఒకే ఒక్క బీజ వేరు మొక్క భారం అంతా మోస్తుంటుంది. అది సన్నటి గొట్టం, దాని గుండా రోజుకు ఎక్కే నీటికి ఒక హద్దుంటుంది. కింద నీళ్లున్నా పైన ఆకులు మధ్యాహ్నానికి సొరగుతాయి. రైతు నేలలో తేమ లేదనుకుంటాడు. తేమ ఉంది, దాన్ని మోసుకొచ్చే గొట్టాలు లేవు.

కాలం లెక్క ఇది. జొన్నకు మూడు నాలుగు ఆకుల దశలో కణుపు వేర్లు మొదలవుతాయి. మొక్కజొన్నకు ఆరు ఆకులు పూర్తిగా విచ్చేసరికి, సుమారుగా 25 నుంచి 30 రోజులకు, భారమంతా కణుపు వేర్ల మీదికి వస్తుంది. గోధుమకు విత్తిన 21వ రోజు ప్రాంతంలో ఈ వేర్లు వస్తాయి. ఉత్తరాది గోధుమ రైతు మరే తడి మానుకున్నా ఆ మొదటి తడి మాత్రం మానుకోడు, కారణం ఇదే. మీ నాన్నగారు ఎండగట్టమంటున్న నెల రోజుల్లో సరిగ్గా ఈ రోజులన్నీ ఉన్నాయి.

పిల్ల వేర్ల గురించి కూడా క్లుప్తంగా చెబుతాను. వేరు కొమ్మలేసేది తడి తగిలిన వైపే. ఒక వేరు ఒక పక్క తడి మట్టినీ మరోపక్క గాలి సందునూ ఆనుకుని ఉంటే, పిల్ల వేర్లు తడి పక్కనే పుడతాయి. కొన తడితో సంబంధం పూర్తిగా కోల్పోతే, ఆ కాస్త మేరలో కొమ్మలు అసలే పుట్టవు. తిరిగి తడి తగిలాక పెరిగిన కొత్త భాగంలోనే మళ్లీ పుడతాయి. మొక్కజొన్న, బార్లీ వేర్లలో ఇది కనిపించింది. ఎలా జరుగుతుందో 2022లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ బృందం వివరించింది. బయట నీరు అందనప్పుడు వేరు లోపలి పొరల నుంచి నీరు బయటి పొరల వైపు కదులుతుంది. దాంతో పాటే అబ్సిసిక్ ఆమ్లమూ బయటికి వచ్చి, కణాల మధ్య సన్నటి దారులను మూసేస్తుంది. కొమ్మ పుట్టడానికి కావలసిన ఆక్సిన్ అనే హార్మోను అప్పుడు లోపలికి చేరదు. మనకు కావలసిందల్లా, ఎండిన పొరలో కొత్త పిల్ల వేర్లు రావు, తడి వచ్చాక రావడానికి కొన్ని రోజులు పడుతుంది. బాగా బెట్టకొచ్చిన పైరుకు నీళ్లిచ్చిన మర్నాడే తేరుకోలేదేమని కంగారు పడతారు చాలామంది. పాత వేర్లు బయటి పొరల్లో బెరడు కట్టి ఉంటాయి, కొత్తవి పుట్టాలి కదా.

పోషకాల సంగతి చాలామంది మర్చిపోతారు. వేరు లోతుకు దిగి నీళ్లు తాగుతోంది, ఇంకేం కావాలి అనుకుంటాం. భాస్వరం ఉండేది ఎక్కువగా పైపొరలో. అది మట్టిలో కదిలేదే మిల్లీమీటర్లలో, అదీ నీటి పొర ద్వారానే. పైపొర ఆరితే భాస్వరం కదలిక దాదాపు ఆగిపోతుంది. జింకు సంగతీ అంతే. అందుకే బెట్టలో ఉన్న లేత మొక్కజొన్న ఆకులు ఊదా రంగుకు తిరగడం చూస్తుంటాం. సంచుల కొద్దీ డీఏపీ వేశానే అంటారు. వేసింది పొడి మట్టిలో ఉంది. విత్తేటప్పుడే గొర్రుతో గింజకు రెండంగుళాలు పక్కగా, రెండంగుళాలు కిందుగా ఎరువు పడేలా చూసుకుంటే, పైన ఆరినా కొన్నాళ్లు అందుతుంది. గింజకు తగిలేలా మాత్రం వేయకండి, మొలక మాడుతుంది. వర్షాధార రబీ జొన్నకు పైపాటు యూరియా మీద ఆశ పెట్టుకోకుండా ఎరువంతా విత్తేటప్పుడే వేయమనేదీ ఈ కారణంతోనే.

ఇప్పటిదాకా వేరు దిగుతుందా లేదా అన్నది చూశాం. దిగితే మంచిదేనా? మీ నల్లరేగడి జొన్నకు ఇది పెద్ద ప్రశ్న.

మంచి రేగడి మీటరు లోతుకు 150 నుంచి 250 మిల్లీమీటర్ల దాకా మొక్కకు పనికొచ్చే నీటిని పట్టి ఉంచుతుంది. రబీలో వానలు వెనక్కి తగ్గాక ఆ నిల్వే పైరుకు ఆధారం. అదొక పెన్షన్ డబ్బు లాంటిది, పైనుంచి కొత్తగా చేరేది లేదు, మొదటి నెలలో ఎంత వాడితే చివర అంత తక్కువ. జోరుగా వేర్లు పెరిగి, జోరుగా ఆకు పెంచి, పొట్ట దశకే నిల్వంతా తాగేసిన జొన్న గింజ పాలుపోసుకునే వేళకు చేతులెత్తేస్తుంది. అలా నీరసించిన పైరుకే మసికుళ్ళు తెగులు తగిలి, వేరు, కాండం లోపల నల్లబడి, కంకితో సహా పడిపోతుంది.

ఆస్ట్రేలియాలో రిచర్డ్స్, పసియూరా అనే శాస్త్రజ్ఞులు గోధుమలో దీన్ని తిరగేసి ఆలోచించారు. బీజ వేర్లలో నీరు ఎక్కే ప్రధాన గొట్టం సన్నగా ఉండేలా ఎంపిక చేస్తే, మొక్క మొదట్లో పొదుపుగా తాగి చివరికి మిగుల్చుకుంటుందని వారి ఊహ. 1989లో ప్రచురించిన ఫలితాల్లో, బాగా బెట్ట ఉన్న చోట్ల ఇలాంటి గోధుమ 3 నుంచి 11 శాతం దాకా ఎక్కువ దిగుబడి ఇచ్చింది. అదే దేశంలో కిర్క్‌గార్డ్ బృందం 2007లో ఇంకో లెక్క చెప్పింది. పూత తర్వాత 1.35 నుంచి 1.85 మీటర్ల లోతులోని నీటిని అదనంగా 10.5 మిల్లీమీటర్లు వాడుకోగలిగిన గోధుమ హెక్టారుకు 620 కిలోలు ఎక్కువ పండింది. ఎకరా లెక్కన చూస్తే ఒక్కో మిల్లీమీటరుకు దాదాపు 24 కిలోల గింజ. పంటకాలం మొత్తం మీద గోధుమ మిల్లీమీటరు నీటికి హెక్టారుకు 20 కిలోలు, అంటే ఎకరాకు 8 కిలోలు తీస్తేనే గొప్పగా చెప్పుకుంటారు. చివర్లో దొరికే లోతు నీటి విలువ అంత.

మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పొడవాటి ప్లాస్టిక్ గొట్టాల్లో మట్టి నింపి, ఒక్కో మొక్క రోజుకెంత నీరు తాగుతోందో తూకం వేసి చూసే ఏర్పాటు ఉంది. అక్కడ సజ్జ, జొన్నల మీద తేలిన విషయమూ ఇదే వరసలో ఉంది. చివరి బెట్టను తట్టుకున్న రకాలు మొత్తం మీద ఎక్కువ నీరు తాగినవేమీ కావు, పూతకు ముందు ఆచితూచి తాగి, గింజ కట్టేటప్పటికి నీరు మిగుల్చుకున్నవి. కాబట్టి వేరు ఎంత లోతు అన్న ప్రశ్న పక్కనే, ఏ నెలలో ఎంత తాగింది అన్న ప్రశ్న పెట్టుకోవాలి.

వరి గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. దమ్ము చేసిన మడిలో వరి వేర్లు ఎక్కువగా పై 20 సెంటీమీటర్లలోనే ఉంటాయి, దాని కింద దమ్ము గట్టి పొర. అక్కడ ఆరుతడి పెట్టేవారు చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగేదాకానే ఆగమనడం అందుకే. జపాన్ శాస్త్రజ్ఞులు ఫిలిప్పీన్స్ మెట్ట వరి కినందాంగ్ పతోంగ్ నుంచి డీఆర్‌వో1 అనే జన్యువును ఐఆర్ 64 అనే వరి రకంలోకి తెచ్చి, వేర్లు నిటారుగా దిగి బెట్టలో దిగుబడి నిలిచిందని 2013లో చూపించారు. వేరు దిగే వాలును జన్యువు మార్చగలదనడానికి అది మంచి ఉదాహరణ. జొన్న, మొక్కజొన్నల్లో మనం చేతులారా చేయగలిగింది నేలను, తడిని సర్దడమే.

ఇక మీ చేల సంగతి.

చెలకలో మొక్కజొన్న: విత్తే ముందే ఒక నిండు తడి ఇవ్వండి, కనీసం అడుగున్నర లోతుదాకా నానాలి. నానిందో లేదో చూడ్డానికి వేలి లావు ఇనుప చువ్వ ఒకటి చాలు. తడిచిన మేర మెత్తగా దిగి, పొడి తగలగానే ఆగుతుంది. తడిచిన మర్నాడు కూడా నాలుగైదు అంగుళాలకే ఆగితే అది గట్టి పొర. అక్కడ ఎండగట్టడం సంగతి మర్చిపోయి, వచ్చే వేసవిలో సబ్‌సాయిలర్ (గట్టి పొరను లోతుగా చీల్చే నాగలి) వేయించండి. నేల బాగా పొడిగా ఉన్నప్పుడు వేస్తేనే పొర పగులుతుంది, తడిగా ఉంటే గాడి పడి ఊరుకుంటుంది. కింద మొరం తక్కువ లోతులోనే ఉందేమో కూడా చూసుకోండి. మొరం మీద అడుగు మట్టి మాత్రమే ఉంటే వేరుకు దిగడానికి చోటే లేదు, అక్కడ తడులు దగ్గర దగ్గరగా ఇవ్వక తప్పదు.

మొలిచాక మూడు ఆకుల నుంచి ఆరేడు ఆకుల దాకా పై రెండు మూడంగుళాలు పూర్తిగా ఆరనివ్వకండి. అలాగని నీళ్లు నిలపొద్దు, మొక్కజొన్నకు మొదటి నెలలో నీరు నిలిస్తే బెట్టకన్నా ఎక్కువ దెబ్బ. తేలికపాటి తడి చాలు. కణుపు వేర్లు చిటికెన వేలి పొడవు దాటి కింది తడిని పట్టుకున్నాయని తవ్వి చూసుకున్నాక, అప్పుడు మీ నాన్నగారి మాట వినండి. తడికీ తడికీ మధ్య ఎడం కొంచెం పెంచండి, ఇచ్చినప్పుడు మాత్రం లోతుగా ఇవ్వండి. రోజూ కాసేపు పైపైన తడపడమే వేర్లను పైన కట్టిపడేస్తుంది. డ్రిప్ ఉన్నవాళ్లు రోజూ పావుగంట తిప్పి వదిలేసే అలవాటులోనూ ఇదే దోషముంది.

ఎన్నాళ్లు అని రోజుల్లో అడిగారు. రోజుల్లో చెప్పలేను, చెలక చెలకకూ మారుతుంది. అర అడుగు లోతు మట్టి తీసి పిడికిట బిగించండి. ముద్ద కట్టి నిలిస్తే ఆగొచ్చు, ముద్ద విప్పగానే రాలిపోతే తడివ్వాలి. ఆకులు మధ్యాహ్నం రెండింటికి చుట్టుకుని సాయంత్రానికి విచ్చుకుంటే భయం లేదు. పొద్దున పదికే చుట్టుకుంటున్నాయంటే ఆలస్యమైపోతోంది. మోకాలెత్తు దాటాక, ముఖ్యంగా జల్లు (మగపూత), పీచు (ఆడపూత) వేళకు ఈ ఎండగట్టే ఆటలు పనికిరావు.

రేగడిలో జొన్న: అక్కడ బోరు లేదు కాబట్టి తడి చేతిలో లేదు, ఉన్న తడిని పైపొరకు అందేలా చేయడమే పని. ఆలస్యం చేయకుండా పైపదును ఉండగానే విత్తడం మొదటి మాట. పైపొర ఆరకముందే కణుపు వేర్లు దిగిపోతే సగం గెలిచినట్టే. మీరు ఇప్పటికే వేశారు కనుక, మూడో వారంలో గుంటక గానీ దంతె గానీ తోలి, సాళ్ల మధ్య మట్టిని మొక్క మొదళ్లకు చేరేలా చూడండి. కాస్త కిందినుంచి పైకి వచ్చిన చల్లటి మట్టి మొదలు చుట్టూ చేరితే కణుపు వేర్లకు ఊతం దొరుకుతుంది. ఆ తర్వాత కలుపు లేకపోయినా మరో రెండు పాట్లు తోలండి. నెర్రెలు పూడుతాయి, పైన దుమ్ము పొర ఏర్పడి కింది తడి ఆవిరి కాకుండా ఆపుతుంది. పెద్దవాళ్లు పాటు చేస్తే తడిచ్చినట్టే అనేది ఉత్త మాట కాదు.

ఇంకోటి, మొక్కల సంఖ్య. 45 సెంటీమీటర్ల సాళ్లలో మొక్కకూ మొక్కకూ 15 సెంటీమీటర్లు ఉంటే ఎకరానికి దాదాపు 60 వేల మొక్కలు. మీరు చెప్పిన విత్తన మోతాదు చూస్తే అంతకు చాలా మించి ఉన్నట్టుంది. చేను నిండుగా కనిపిస్తుంది గానీ నిల్వ నీరు ఒక్కటే, తాగే నోళ్లు ఎక్కువ. పదిహేను, ఇరవై రోజుల లోపు బలహీనమైనవి తీసేయండి, పశువులకు మేతైనా అవుతుంది.

వేర్లు పెరిగే మందు విషయానికొస్తే, హ్యూమిక్ ఆమ్లమో, వేరుతో కలిసి బతికే బూజు కల్చరో ఏదైనా కానీ, అది నీటిని సృష్టించదు. తడి సరిగా ఉన్న చేలో అంతో ఇంతో మేలు ఉండొచ్చు. పైపొర పొడిగా ఉన్న చేలో పైన ఆకుల మీద కొడితే కణుపు వేరు ఆ పొడిని దాటుతుందని నేను నమ్మను. ఆ డబ్బుతో చెలకకు చెరువు మట్టి తోలించండి. మిషన్ కాకతీయ రోజుల్లో పూడిక మట్టి తోలుకున్న చెలకలు తడిని ఎంతసేపు పట్టి ఉంచుతున్నాయో మీ చుట్టుపక్కల రైతులను అడిగినా చెబుతారు.

ఈ వారంలో జొన్న చేలో మూడు నాలుగు చోట్ల మొక్క పక్కన అడుగు లోతు గుంట తీయండి. మొక్కను పీకొద్దు, పీకితే వేర్లు తెగి ఏమీ తెలియదు. గుంట గోడను కత్తితో నెమ్మదిగా గీకుతూ వేర్లను బయటపెట్టండి. గింజ ఆనవాలు ఎక్కడుంది, దాని పైన కణుపు నుంచి తెల్లటి లావు వేర్లు ఎన్ని వచ్చాయి, వాటి కొనలు తెల్లగా ఉన్నాయా గోధుమ రంగులో మొండిగా ఆగాయా, తడి ఎన్ని అంగుళాల కింద మొదలవుతోంది అన్నవి చూసి రాయండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపితే, దంతె ఇప్పుడే తోలాలా, వారం ఆగొచ్చా అన్నది చెబుతాను.